సీపీయూ ఖాళీ, కనెక్షన్లు ఫుల్: ఫిల్టర్ ఉన్న మెయిల్ సర్వర్ ఎక్కడ ఆగుతుంది?

రొయ్యల ఎగుమతి ఆఫీసులో మెయిల్ రద్దీ మొదలయ్యేది రాత్రి ఏడున్నరకి. భీమవరం, నరసాపురం, కాకినాడ వైపు ప్లాంట్లలో శుద్ధి చేసి ఫ్రీజ్ చేసే సరుకులో చాలా భాగం అమెరికాకి వెళ్తుంది. వేసవిలో ఇక్కడ రాత్రి ఏడున్నర అంటే న్యూయార్క్‌లో ఉదయం పది. అక్కడివాళ్లు సీట్లో కూర్చునేసరికి ఇక్కడ ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, బిల్ ఆఫ్ లేడింగ్ కాపీలు, హెల్త్ సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ ఒకేసారి కదలాలి. సొంత డొమైన్ మీద సొంత మెయిల్ సర్వర్ నడుపుకునే చోట ఆ రెండు మూడు గంటలే అసలు పరీక్ష.

అలాంటి ఒక ఆఫీసులో సర్వర్ నెమ్మదించిందనుకుందాం. అవుట్‌లుక్‌లో మెయిల్ పంపుతుంటే సగంలో ఆగిపోతుంది. పొద్దున పంపిన మెయిల్ మధ్యాహ్నానికి గానీ అందలేదేమిటని బయటివాళ్లు ఫోన్ చేస్తారు. సర్వర్‌లోకి వెళ్లి చూస్తే సీపీయూ వాడకం పది పదిహేను శాతం దాటదు, డిస్క్‌లో కావలసినంత చోటు ఉంటుంది. పని కనిపించదు, కనెక్షన్లు మాత్రం నిండిపోయి ఉంటాయి. ఈ టెన్షన్‌లో సాధారణంగా జరిగేవి రెండు. ఒకటి, ఇంటర్నెట్ స్పీడు పెంచమని ప్రొవైడర్‌కి ఫోన్ చేయడం. రెండు, సర్వర్‌లో ప్రాసెస్‌ల (ఒక్కో కనెక్షన్‌ని చూసుకునే ప్రోగ్రామ్ కాపీల) పరిమితిని వంద నుంచి మూడు వందలకి మార్చడం. మొదటిదానితో డబ్బు ఖర్చవుతుంది, అంతే. రెండోదానితో అప్పటిదాకా కుంటుతూనైనా నడుస్తున్న సర్వర్ పూర్తిగా పడిపోవచ్చు.

మెయిల్ సర్వర్ నెమ్మదించిందంటే చాలాసార్లు దానికి పని ఎక్కువైందని కాదు. తెరిచిన ప్రతి కనెక్షనూ ఇంకెవరి జవాబు కోసమో కాచుకుని కూర్చుందని అర్థం. ఎవరి కోసం అన్నది తేలకముందే ఏ సెట్టింగ్ ముట్టుకున్నా అది చీకట్లో బాణమే.

ఇందులో ఉన్న లెక్క చాలా చిన్నది. జాన్ లిటిల్ అనే శాస్త్రవేత్త 1961లో నిరూపించిన సూత్రం అది. ఒక వ్యవస్థలో ఒకేసారి ఉండేవాళ్ల సగటు సంఖ్య, సెకనుకు వచ్చేవాళ్ల సంఖ్యని ఒక్కొక్కరు లోపల గడిపే సెకన్లతో గుణిస్తే వస్తుంది. సెకనుకు 5 కనెక్షన్లు వస్తూ, ఒక్కొక్కటి 2 సెకన్లలో పని ముగించుకుని పోతే ఎప్పుడు చూసినా సుమారు 10 కనెక్షన్లే తెరిచి ఉంటాయి. అవే 5 కనెక్షన్లు ఒక్కొక్కటి 20 సెకన్లు కూర్చుంటే తెరిచి ఉండేవి 100. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌లో ఒక్కో సర్వీసుకి డిఫాల్ట్‌గా ఉండే ప్రాసెస్ పరిమితి సరిగ్గా 100. వచ్చే మెయిల్ ఒక్కటి కూడా పెరగకుండానే సర్వర్ నిండిపోయింది. అదనంగా గడిచిన ఆ 18 సెకన్లూ ఊరికే ఎదురుచూడడమే కాబట్టి సీపీయూ మీటర్ మీద వాటి జాడే ఉండదు. ట్రాఫిక్ గ్రాఫ్ చూసి "నిన్నటిలాగే ఉందే" అనుకుని వదిలేసేవాళ్లు పొరపడేది ఇక్కడే. చూడాల్సింది ఎన్ని వచ్చాయన్నది కాదు, ఒక్కొక్కటి ఎంతసేపు ఉంది అన్నది.

బ్యానర్ రాకముందే ఆగితే

మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పద్ధతి ఎస్‌ఎంటీపీ. అందులో కనెక్షన్ కుదరగానే ముందు మాట్లాడాల్సింది సర్వర్. 220 అంకెతో మొదలయ్యే ఒక వరుస పంపుతుంది, దాన్నే బ్యానర్ అంటారు. బయటి కంప్యూటర్ నుంచి 25వ పోర్టుని (సర్వర్లు మెయిల్ అందుకునే తలుపు) టెల్నెట్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో తట్టి, కనెక్ట్ అవడానికి ఎంతసేపు పట్టింది, బ్యానర్ రావడానికి ఎంతసేపు పట్టింది విడివిడిగా చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. కనెక్షన్ వెంటనే కుదిరి, బ్యానర్ మాత్రం ఇరవై ముప్ఫై సెకన్లకి వస్తే నెట్‌వర్క్‌ని అనుమానించడంలో అర్థం లేదు. కనెక్షన్‌ని మొదట ఒప్పుకునేది ఆపరేటింగ్ సిస్టమ్. మెయిల్ ప్రోగ్రామ్‌కి తీరిక లేకపోయినా సరే, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ ఆ కనెక్షన్‌ని తీసుకుని వరుసలో నిలబెడుతుంది. అందుకే బయటివాళ్లకి తలుపు తెరిచినట్టే కనిపిస్తుంది, పలికే నాథుడే ఉండడు.

బ్యానర్ ఆలస్యానికి ముఖ్యమైన కారణాలు రెండు: ఖాళీ ప్రాసెస్ లేకపోవడం, డీఎన్‌ఎస్ (పేర్లకి ఐపీ అడ్రసులు, అడ్రసులకి పేర్లు చెప్పే వ్యవస్థ) జవాబు రాకపోవడం. రెంటినీ విడదీయడానికి తేలికైన దారి ఒకటుంది. అదే పరీక్ష సర్వర్ లోపల్నుంచే, సర్వర్ తనని తాను పిలుచుకునే 127.0.0.1 అడ్రసుకి చేయాలి. ఆ అడ్రసు పేరు సర్వర్ హోస్ట్స్ ఫైల్లోనే ఉంటుంది, డీఎన్‌ఎస్‌ని అడగనవసరం లేదు. లోపల్నుంచి బ్యానర్ వెంటనే వచ్చి, బయటినుంచి ఆలస్యమైతే లోపం డీఎన్‌ఎస్‌లో ఉంది. రెండు చోట్లా ఆలస్యమైతే ప్రాసెస్‌లు నిండిపోయాయి. పోస్ట్‌ఫిక్స్ అయితే సర్వీసు తన ప్రాసెస్ పరిమితికి చేరిందని, కొత్తగా వచ్చేవాళ్లకి ఆలస్యం తప్పదని లాగ్‌లో హెచ్చరిక కూడా రాస్తుంది. ఆ వరుస కోసం లాగ్ వెతకడం ఒక్క నిమిషం పని.

డీఎన్‌ఎస్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది అదే. కనెక్షన్ రాగానే పోస్ట్‌ఫిక్స్ అవతలివాళ్ల ఐపీ అడ్రసుకి పేరు అడుగుతుంది. వచ్చిన పేరు మళ్లీ అదే ఐపీకి చేరుతోందా అని రెండోసారి అడుగుతుంది. ఇదంతా బ్యానర్ ఇవ్వకముందే. లినక్స్‌లో రిజాల్వర్ (డీఎన్‌ఎస్ ప్రశ్నలు వేసే భాగం) ఒక నేమ్ సర్వర్ (వాటికి జవాబిచ్చే సర్వర్) కోసం డిఫాల్ట్‌గా 5 సెకన్లు ఆగి, అప్పుడు రెండో దాని దగ్గరికి వెళ్తుంది. జాబితాలో మొదట ఉన్న నేమ్ సర్వర్ చచ్చిపడి ఉంటే రెండు ప్రశ్నలకీ కలిపి 10 సెకన్లు అక్కడే పోయాయి. రెండోది బాగానే పనిచేస్తోంది కాబట్టి బ్రౌజర్లో పేజీలు కాస్త ఆలస్యంగానైనా తెరుచుకుంటాయి. "డీఎన్‌ఎస్ ఓకే" అనుకుని అందరూ ముందుకెళ్లిపోతారు.

చిన్న ఆఫీసుల్లో ఇది మరీ తరచుగా ఎదురయ్యే పరిస్థితి. మొదటి నేమ్ సర్వర్‌గా రౌటర్ అడ్రసే ఉంటుంది. ఇంటర్నెట్ ప్రొవైడర్ బిగించి వెళ్లిన ఆ చిన్న పెట్టె ఇంట్లో నాలుగు ఫోన్లకి సరిపోయేది. స్పామ్ ఫిల్టర్ ఉన్న మెయిల్ సర్వర్ ఒక్కో మెయిల్‌కీ పదుల సంఖ్యలో డీఎన్‌ఎస్ ప్రశ్నలు వేస్తుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే సందులో రౌటర్ రీస్టార్ట్ అయితే కాసేపు అసలు జవాబే ఉండదు. దీనికి సరైన మందు సర్వర్ మీదే అన్‌బౌండ్ లాంటి సొంత రిజాల్వర్ పెట్టుకోవడం. ఒకసారి తెలుసుకున్న జవాబు దాని దగ్గరే నిలవ ఉంటుంది. దీనికి ఇంకో గట్టి కారణం కూడా ఉంది. స్పామ్ పంపే ఐపీల జాబితా (బ్లాక్‌లిస్ట్) నడిపే స్పామ్‌హౌస్ సంస్థ గూగుల్ వాళ్ల 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా వచ్చే ప్రశ్నలకి అసలు జవాబు ఇవ్వదు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపుతుంది. ఆ కోడ్‌ని "బ్లాక్‌లిస్ట్‌లో ఉంది" అని అర్థం చేసుకునేలా సెట్టింగ్ ఉంటే మంచి మెయిల్ కూడా తిరిగిపోతుంది.

పాత కాన్ఫిగ్ ఫైళ్లలో చచ్చిపోయిన బ్లాక్‌లిస్టుల పేర్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంటాయి. సోర్బ్స్ అనే బ్లాక్‌లిస్ట్ 2024 జూన్‌లో మూతపడింది. అలాంటి పేరు ఒకటి మిగిలిపోతే ప్రతి మెయిల్‌కీ ఒక వృథా ప్రశ్న, ఆ సర్వర్లు పలకడం మానేసిన రోజు ప్రతి మెయిల్‌కీ ఒక టైమౌట్. స్పామ్‌ని గుర్తించే ప్రోగ్రామ్ స్పామ్ అసాసిన్‌లో ఇలాంటి జాబితాల కోసం ఆగే గరిష్ఠ సమయం డిఫాల్ట్‌గా 15 సెకన్లు. పై లెక్కలో 2 సెకన్లు 20 సెకన్లు కావడానికి ఇదొక్కటి దాదాపు సరిపోతుంది.

ఒక్క జాగ్రత్త. పోస్ట్‌ఫిక్స్‌లో బాట్లను ముందే వడకట్టే పోస్ట్‌స్క్రీన్ అనే భాగం వాడే చోట కొత్తగా వచ్చిన ఐపీని 6 సెకన్లు కావాలనే ఆపుతారు. తొందరపడి బ్యానర్‌కి ముందే మాట్లాడే స్పామ్ బాట్లను పట్టుకోవడానికి పెట్టిన వల అది. కచ్చితంగా 6 సెకన్లే ఆగి, రెండోసారి వచ్చినప్పుడు ఆలస్యం లేకపోతే దాన్ని "బాగు" చేయకూడదు.

ఫిల్టర్ దగ్గర ఆగితే

బ్యానర్ వెంటనే వస్తోంది, పంపినవాళ్ల పేరూ అందుకునేవాళ్ల పేరూ ఒప్పుకుంటోంది, మెయిల్ మొత్తం వెళ్లిపోయాక చివరి చుక్క దగ్గర నిమిషాల తరబడి మౌనం. ఇలా ఉంటే అక్కడ కూర్చున్నది ఫిల్టరే. ఎస్‌ఎంటీపీలో మెయిల్ అయిపోయిందని చెప్పేది ఒంటరి చుక్క ఉన్న వరుస. దానికి 250 అని జవాబు వస్తేనే మెయిల్ బాధ్యత అవతలి సర్వర్‌కి మారినట్టు.

ఫిల్టర్‌ని పెట్టే చోట్లు రెండు. క్యూకి (సర్వర్ తీసుకున్న మెయిల్ ముందుకెళ్లేదాకా ఆగే వరుసకి) ముందు పెడితే పంపేవాళ్లని లైన్లో నిలబెట్టే వైరస్, స్పామ్ తనిఖీ చేస్తారు. చెడ్డ మెయిల్‌ని అక్కడికక్కడే తిప్పికొట్టవచ్చు, అది దీని మేలు. కానీ తనిఖీ ఎంతసేపైతే కనెక్షన్ అంతసేపూ తెరిచే ఉంటుంది, ఫిల్టర్ నెమ్మదిస్తే ముందు గుమ్మం నిండిపోతుంది. క్యూ తర్వాత పెడితే మెయిల్‌ని ముందు తీసుకుని 250 ఇచ్చేసి, తర్వాత తీరిగ్గా ఫిల్టర్‌కి పంపుతారు. గుమ్మం దగ్గర ఇబ్బంది ఉండదు, లోపల యాక్టివ్ క్యూ (అప్పటికప్పుడు పంపడానికి తీసిన మెయిల్ వరుస) పెరుగుతుంది. రాత్రి రెండు మూడు గంటల్లోనే పనంతా వచ్చిపడే ఆఫీసుకి రెండో పద్ధతే మేలు. క్యూకి ముందే ఫిల్టర్ ఉండాలనుకుంటే పోస్ట్‌ఫిక్స్‌లో స్పీడ్ అడ్జస్ట్ అనే ఆప్షన్ తప్పకుండా వాడాలి. మెయిల్ మొత్తం చేతికొచ్చాకే ఫిల్టర్‌ని పిలుస్తుంది, నెమ్మది లైన్లో పది ఎంబీ స్కాన్ పంపుతున్నవాళ్ల కోసం ఒక ఫిల్టర్ ప్రాసెస్ ఖాళీగా కూర్చోనవసరం ఉండదు.

క్యూ తర్వాత ఫిల్టర్ ఉంటే తప్పు ఎక్కడుందో చెప్పే సాక్ష్యం లాగ్‌లోనే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ ప్రతి మెయిల్ డెలివరీ వరుసలో "డిలేస్" అనే మాట పక్కన గీతలతో విడదీసి నాలుగు అంకెలు రాస్తుంది. మొదటిది మెయిల్ అందుకుని క్యూ మేనేజర్ చేతికి వచ్చేదాకా గడిచిన సమయం. రెండోది క్యూ మేనేజర్ దగ్గర ఆగిన సమయం. మూడోది అవతలివైపుతో కనెక్షన్ కుదుర్చుకోవడానికి పట్టింది. నాలుగోది మెయిల్ అప్పగించి జవాబు తీసుకోవడానికి పట్టింది. మెయిల్‌ని వైరస్, స్పామ్ తనిఖీలకి పంపే అమావిస్ అనే ప్రోగ్రామ్ వాడే చోట సాధారణంగా ఇది 10024 పోర్టులో వింటుంటుంది కాబట్టి, ఆ పోర్టుకి వెళ్లిన వరుసలే చూడాలి. నాలుగో అంకె పెద్దదైతే తనిఖీయే నెమ్మదిగా సాగుతోంది. మూడోది పెద్దదైతే ఫిల్టర్‌లో ఖాళీ ప్రాసెస్ లేదు. రెండోది పెద్దదైతే ఫిల్టర్‌కి పంపే దారి ఇరుకైంది. అమావిస్ డిఫాల్ట్‌గా నడిపేది రెండు ప్రాసెస్‌లే. పోస్ట్‌ఫిక్స్ అటువైపు పది కనెక్షన్లు తెరిచేలా ఉంటే ఎనిమిది ఊరికే నిలబడతాయి. రెండు చోట్లా అంకె ఒకటే ఉండాలి.

అయితే ఫిల్టర్ ప్రాసెస్‌లు పెంచేద్దాం అనిపిస్తుంది. డెల్టా రైతుకి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. చేను మునిగేది ఎప్పుడూ పైనుంచి నీళ్లు ఎక్కువొచ్చే కాదు, దిగువన మురుగు కాలవలో గుర్రపుడెక్క పేరుకుని నీరు లాగక మునుగుతుంది. అప్పుడు పైన తూము ఇంకాస్త తెరిస్తే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. స్పామ్ అసాసిన్‌ని లోపల పెట్టుకున్న ఒక్కో అమావిస్ ప్రాసెస్ వంద ఎంబీకి పైగా మెమరీ తింటుంది. క్లామ్ ఏవీ అనే వైరస్ స్కానర్ తన వైరస్ గుర్తుల జాబితా అంతా మెమరీలోనే పెట్టుకుంటుంది, దానికి ఒక జీబీకి పైనే కావాలి. 0.103 వెర్షన్ నుంచి కొత్త జాబితాని లోడ్ చేసుకునేటప్పుడు పాతది కూడా ఉంచుకుని తనిఖీ ఆపకుండా నడుస్తుంది, కాబట్టి కాసేపు రెట్టింపు కావాలి. నాలుగు జీబీ సర్వర్‌లో ఫిల్టర్ ప్రాసెస్‌లు ఇరవైకి పెంచితే మెమరీ చాలక స్వాప్ (డిస్క్‌ని మెమరీగా వాడడం) మొదలవుతుంది. అక్కణ్నుంచి 3 సెకన్ల తనిఖీ 60 సెకన్లవుతుంది, లిటిల్ సూత్రం మిగతా పని పూర్తి చేస్తుంది. మెమరీ వాడకం చూపే వీఎమ్‌స్టాట్ కమాండ్‌లో స్వాప్‌లోకి, స్వాప్ నుంచి కదలిక చూపే రెండు గడులు సున్నా దగ్గర ఉన్నంతవరకే ప్రాసెస్‌లు పెంచాలి. అవి కదులుతున్నాయంటే పెంచడం కాదు, తగ్గించాలి. తక్కువ ప్రాసెస్‌లతో ఎక్కువ మెయిల్ పోవడం చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారు గానీ అందులో మాయేమీ లేదు.

తనిఖీ నెమ్మదించడానికి ఇంకో రెండు కారణాలు తరచుగా దొరుకుతాయి. ఒకటి, క్లామ్ ఏవీని డీమన్‌గా (ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రామ్‌గా) కాకుండా ప్రతి మెయిల్‌కీ కొత్తగా పిలవడం. పిలిచిన ప్రతిసారీ ఆ జాబితా మొత్తం మళ్లీ చదువుకుంటుంది. రెండు, స్పామ్ అసాసిన్ పాత మెయిల్స్ నుంచి నేర్చుకున్నది దాచుకునే తన బేయ్స్ డేటాబేస్‌లో పాత సరుకుని మెయిల్ తనిఖీ మధ్యలోనే ఏరిపారేయడానికి కూర్చోవడం. ఆటో ఎక్స్‌పైర్ ఆపేసి, ఆ పనిని తెల్లవారుజామున క్రాన్‌లో (చెప్పిన వేళకి పని నడిపే సదుపాయంలో) పెడితే రాత్రి రద్దీకి అడ్డు రాదు.

ఒకే ఆర్డర్ రెండుసార్లు వచ్చిందంటే

నెమ్మది మెయిల్ వల్ల వచ్చే నష్టాల్లో అందరికీ తెలిసింది ఆలస్యం. దానికంటే ప్రమాదమైంది డూప్లికేట్. తనిఖీ అయిపోయి, మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడి, 250 జవాబు బయల్దేరేలోపే అవతలి సర్వర్ విసిగి లైన్ కట్ చేసిందనుకుందాం. దాని లెక్క ప్రకారం మెయిల్ వెళ్లలేదు, మళ్లీ పంపుతుంది. ఇక్కడ అదే పర్చేజ్ ఆర్డర్ రెండోసారి వస్తుంది. ఎగుమతి ఆఫీసులో ఇది చిన్న విషయం కాదు. రెండు కంటైనర్లకి ఆర్డర్ వచ్చిందనుకుని చెరువుల దగ్గర సరుకు మాట్లాడేసే ప్రమాదం ఉంది. ఈ ముప్పుని 1988లోనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఒకటైన ఆర్‌ఎఫ్‌సీ 1047 వివరించింది. చివరి చుక్క తర్వాత జవాబు కోసం పంపేవాళ్లు 10 నిమిషాలు ఆగాలని ఎస్‌ఎంటీపీ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతుంది గానీ అందరూ అంతసేపు ఆగరు. ఒకే మెసేజ్ ఐడీతో మెయిల్ రెండుసార్లు లాగ్‌లో కనిపిస్తే ఫిల్టర్ ఆలస్యాన్ని వెంటనే చూడాలి.

చిన్న మెయిల్స్ క్షణాల్లో వెళ్లిపోతూ, అటాచ్‌మెంట్ ఉన్నవి మాత్రమే డేటా మొదలవగానే గడ్డకట్టినట్టు ఆగిపోతుంటే అది వేరే రోగం. ఫైబర్ కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడిచే చోట ప్యాకెట్ గరిష్ఠ సైజు 1500 కాదు, 1492 బైట్లు. "ఈ ప్యాకెట్ పెద్దదైంది, చిన్నది పంపు" అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఎవరి ఫైర్‌వాలో ఆపేస్తే పెద్ద ప్యాకెట్లు దారిలోనే మాయమవుతాయి. లాగ్‌లో డేటా దగ్గర టైమౌట్ అయినట్టు కనిపిస్తుంది. రౌటర్లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్ (ప్యాకెట్ సైజుని ముందే తగ్గించే సెట్టింగ్) ఆన్ చేస్తే సరిపోతుంది, ఫిల్టర్‌ని తిట్టనక్కర్లేదు.

ఆఫీసు స్టాఫ్ పంపే మెయిల్‌ని కూడా 25వ పోర్టు మీదే నడిపే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. ప్రపంచంలోని స్పామ్ బాట్లన్నీ వచ్చి తట్టే గుమ్మం అదే. సొంత మనుషులు ఆ గుంపులో నిలబడనక్కర్లేదు. పాస్‌వర్డ్‌తో మెయిల్ పంపడానికి 587వ పోర్టు ఉంది, దానికి ప్రాసెస్‌ల పరిమితి విడిగా పెట్టుకోవచ్చు. అప్పుడు బాట్ల దాడి ఎంత ఉన్నా హెల్త్ సర్టిఫికెట్ స్కాన్ బయటికి పోతుంది. పోస్ట్‌ఫిక్స్ 2.6 నుంచి ప్రాసెస్‌లన్నీ నిండినప్పుడు తనంతట తానే స్ట్రెస్ మోడ్‌లోకి మారి, మాట్లాడకుండా కూర్చునే క్లయింట్ల కోసం ఆగే సమయాన్ని 300 సెకన్ల నుంచి 10 సెకన్లకి తగ్గిస్తుంది. దాడి తట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది, అయినా 587ని విడదీయడానికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

లోపం దొరికి, సరిచేసి, సర్వర్ రీస్టార్ట్ చేశాక మొదటి గంటలో మళ్లీ భయపెట్టే దృశ్యం ఒకటి కనిపిస్తుంది. కనెక్షన్లు ఒక్కసారిగా పోటెత్తుతాయి. ఇన్ని గంటలూ టైమౌట్లు, 400 సిరీస్ తాత్కాలిక ఎర్రర్లు తిన్న బయటి సర్వర్లు మెయిల్‌ని పారేయలేదు, తమ దగ్గర దాచుకుని ఉన్నాయి. కనీసం అరగంట ఎడంతో మళ్లీ మళ్లీ ప్రయత్నించాలని, నాలుగైదు రోజుల దాకా వదిలిపెట్టకూడదని ఆర్‌ఎఫ్‌సీ 5321 సలహా. తుపాను వచ్చి రెండు రోజులు కరెంటు లేకపోయినా చాలావరకు మెయిల్ దక్కేది అందుకే. అవన్నీ ఇప్పుడు వస్తాయి.

ఇది పాత బాకీయో, రోగం ఇంకా తగ్గలేదో తేల్చడానికి క్యూషేప్ అనే చిన్న పరికరం చాలు. యాక్టివ్ క్యూలో ఉన్న మెయిల్‌ని వయసు ప్రకారం 5, 10, 20, 40, 80 నిమిషాలు అంటూ గడుల్లో చూపిస్తుంది. బయట కాచుకుని వచ్చిన మెయిల్‌కి ఇక్కడి క్యూలో వయసు సున్నా నుంచే మొదలవుతుంది. కాబట్టి ఎడమవైపు మొదటి గడి ఎంత నిండినా కంగారు పడక్కర్లేదు, అది వస్తున్న బాకీ. అంకెలు కుడివైపు 20, 40 గడుల్లోకి జరుగుతున్నాయంటే మాత్రం వచ్చినంత వేగంగా ఫిల్టర్ పంపలేకపోతోంది. అప్పుడు మళ్లీ లాగ్‌లో 10024 పోర్టు వరుసలు తీసి ఆ నాలుగు అంకెల్లో ఏది పెద్దదో చూడాలి.